కుండీలో పేషెంటు

ఆ సోమవారం పొద్దున బ్రదర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళడం, వేడినీళ్ళతో స్నానం చేయడం, ఒళ్ళు తెలియకుండా పడి నిద్రపోవడం. మూడేళ్ళుగా ఆయన ఇంతకు మించిన పథకం వేసిన పాపాన పోలేదు.

ఆయన ఆస్పత్రిలో నర్సు. మగ నర్సుని ఆస్పత్రిలో బ్రదర్ అంటారు కదా, అందుకని డాక్టర్లు, పేషెంట్లు, పేషెంట్ల బంధువులు, గేటు దగ్గర వాచ్‌మన్, చివరికి ఇంటి దగ్గర కింద వాటా వాళ్ళు కూడా ఆయన్ని బ్రదర్ అనే పిలుస్తారు. అలా పిలవనిది అత్తగారు, కూతురు, భార్య, ఈ ముగ్గురే.

ఆ భార్య స్కూల్లో లెక్కల టీచరు. పొద్దున ఏడున్నరకి ఆవిడ మెట్లు దిగుతుంటే ఈయన మెట్లు ఎక్కుతుంటాడు. "గీజరు పనిచేయట్లేదు." "పాపకి దగ్గు." "బస్సు వచ్చేసింది, వస్తా." వాళ్ళ కాపురం మొత్తం మెట్ల మీద ఈ మూడు ముక్కల్లో నడుస్తోంది. సాయంత్రం ఐదింటికి లేచి ఐదున్నర బస్సు ఎక్కితేగానీ ఆయన డ్యూటీకి అందడు. ఐదేళ్ళ కూతురు చిట్టి స్కూల్లో 'మా ఇల్లు' అని బొమ్మ వేస్తే అందులో అమ్మ నిలబడి ఉంది, అమ్మమ్మ కుర్చీలో ఉంది, నాన్న మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. వాళ్ళ క్లాసు టీచరు కంగారుపడి, "ఇంట్లో ఏదైనా జరిగిందా?" అని కబురు పెట్టింది. ఆ బొమ్మ చూసిన దగ్గర్నుంచి బ్రదర్‌కి మనసు మనసులో లేదు. కూతురు పెద్దదైపోతోంది, తను పడుకునే ఉన్నాడు. ఆయనకి పగటి డ్యూటీ కావాలి. పగటి డ్యూటీ ఇవ్వాల్సింది నర్సులందరికీ పెద్ద, మేట్రన్ గారు.

ఆ మేట్రన్ గారే ఆ రోజు డ్యూటీ దిగుతుంటే ఆయన్ని క్వార్టర్‌కి పిలిపించారు. మేడ మీద ఎర్రటి ఎండలో, నడుమెత్తు బోగన్‌విలియా మొక్క ఒళ్ళంతా నారింజ రంగు పూలతో నిలబడి ఉంది. కాగితంపూల మొక్క అంటామే, అదే.

"బ్రదర్, రెండు నెలలు ట్రైనింగుకి పోతున్నాను. ఇంటికి రిపేర్లు. ఎనిమిదేళ్ళు పెంచాను దీన్ని. మా ఆయనకన్నా నా మాట బాగా వింటుంది. ఎవరి చేతుల్లో పెట్టాలా అని రెండు రోజులు ఆలోచించి నీ చేతుల్లో పెడుతున్నాను."

"ఎలా చూసుకోవాలి మేడమ్?"

"ఎలా ఏముంది? మన వార్డులో పేషెంటుని చూసుకున్నట్టు చూసుకో."

బ్రదర్ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, నా పగటి డ్యూటీ సంగతి..."

"తిరిగొచ్చాక కొత్త చార్టు వేస్తాను. నీ సంగతి అప్పుడు చూద్దాం." ఇక్కడ ఆవిడ మొక్క వైపు ఒకసారి ఆప్యాయంగా చూశారు. "ప్రతి ఆదివారం ఫొటో పంపు."

ఆ చూపు మామూలు చూపే కావచ్చు. కానీ మూడేళ్ళుగా సరైన నిద్ర లేని మనిషికి అది ఒప్పందంలాగే కనిపించింది. మొక్క బతికితే పగలు, చస్తే రాత్రి.

ఆటోలో ఇల్లు చేరేలోపు ముళ్ళు నాలుగుచోట్ల దిగాయి. తన గాయాల సంగతి తర్వాత చూసుకోవచ్చని బ్రదర్ ముందు పేషెంటుకి మంచం ఏర్పాటు చేశాడు. ఇంత జబ్బుగా... కాదు కాదు, ఇంత సుకుమారంగా ఉన్న పేషెంటుని ఎండలో పెడతామా? నీడగా, చల్లగా ఉన్న బాల్కనీ మూలన పెట్టాడు. కుండీ కింద నీళ్ళు కారకుండా వెడల్పాటి ప్లాస్టిక్ పళ్ళెం పెట్టాడు. అట్టకి క్లిప్పు బిగించి చార్టు తగిలించాడు. సాయంత్రం డ్యూటీకి వెళ్ళేముందు ఇంటిల్లిపాదినీ కుండీ చుట్టూ నిలబెట్టాడు.

"రోజుకి ఒక్క చెంబు. ఎవరు పోస్తే వాళ్ళు ఇక్కడ టిక్కు పెట్టాలి. టిక్కు ఉంటే రెండోవాళ్ళు పోయకూడదు. అర్థమైందా?"

"బ్రహ్మాండంగా అర్థమైంది అల్లుడుగారూ" అన్నారు అత్తగారు. ఆవిడ కళ్ళజోడు ఎక్కడుందో ఆ క్షణాన ఆవిడకే తెలియదు.

తర్వాత జరిగింది ఇది. పొద్దున భార్య బస్సు హడావుడిలో ఒక చెంబు పోసి, టిక్కు సాయంత్రం పెడదాంలే అనుకుని పరిగెత్తేది. సాయంత్రానికి ఆవిడ తల నిండా నలభై మంది పిల్లల భిన్నాలు ఉండేవి. ఇంటికొచ్చిన బ్రదర్ చార్టు చూసి, టిక్కు లేదు కాబట్టి ఒక చెంబు పోసి, టిక్కు పెట్టి పడుకునేవాడు. మధ్యాహ్నం అత్తగారు కూరగాయలు కడిగిన నీళ్ళు, వృథా ఎందుకని, తెచ్చి కుమ్మరించేవారు. స్కూలు నుంచి వచ్చిన చిట్టి తన బాటిల్లో మిగిలిన నీళ్ళు తాగలేదని అమ్మ తిడుతుంది కాబట్టి వాటిని కూడా కుండీకే సమర్పించేది. చార్టులో మాత్రం రోజుకి ఒకే ఒక్క టిక్కు, ఒకే ఒక్క సంతకం. ఏ ఆడిటరూ వేలెత్తి చూపలేని చార్టు.

మొదటి ఆదివారం ఫొటో బాగానే వెళ్ళింది. రెండో వారం మొక్క పూలు రాల్చడం మొదలుపెట్టింది. మంగళవారం పదిహేడు. బుధవారం నలభై. గురువారం బ్రదర్ లెక్కపెట్టడం మానేసి చీపురు పట్టుకున్నాడు. ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి.

"ఏమండీ, దీనికి కామెర్లు వచ్చినట్టున్నాయే" అంది భార్య మెట్ల మీద.

ఆకులు వాలాయి, రంగు మారింది, నీరసంగా ఉంది. ఆయనకి తెలిసిన వైద్యంలో ఇదంతా ఒంట్లో నీరు తగ్గిన లక్షణం. ఖాళీ సెలైన్ సీసాలో మంచినీళ్ళు నింపి, బాల్కనీ కొక్కేనికి వేలాడదీసి, గొట్టం చివర మట్టిలో గుచ్చి, నిమిషానికి పదహారు చుక్కల చొప్పున డ్రిప్పు పెట్టాడు. మనిషి చేయగలిగింది మనిషి చేశాడు అనుకుని పడుకున్నాడు.

బాల్కనీలో వేలాడుతున్న సీసాని కింద వాటావాళ్ళు చూశారు. అత్తగారి పని అయిపోయిందనుకున్నారు. సాయంత్రంలోగా పళ్ళు పట్టుకుని ముగ్గురు, పళ్ళు లేకుండా ఐదుగురు వచ్చారు. తలుపు తీసింది అత్తగారే.

"అయ్యో, లేచి తిరుగుతున్నారే! డాక్టరు తిరగమన్నారా?"

"నేను తిరగడానికి డాక్టరు ఎందుకమ్మా?"

"పోనీలెండి, ధైర్యంగా ఉన్నారు. ఈ సమయంలో ధైర్యమే ముఖ్యం."

వాళ్ళు వెళ్ళాక అత్తగారు అల్లుణ్ణి నిద్ర లేపి మరీ దులిపేశారు. "నన్ను బతికుండగానే సాగనంపుతారా అల్లుడుగారూ? ఆ చెట్టు మీద ఉన్న శ్రద్ధ నా మోకాళ్ళ మీద ఎప్పుడైనా పెట్టారా?"

ఆదివారం వచ్చేసింది. మొక్క మీద పువ్వన్నది లేదు. ఉన్న ఆకులు కూడా మొహమాటానికి ఉన్నాయి. పన్నెండు గంటల డ్యూటీ చేసి బస్సు దిగిన బ్రదర్‌కి వీధి మలుపులో టైలరు గోడ మీద నుంచి ఒక బోగన్‌విలియా విరగబూసి కనిపించింది. కాళ్ళు వాటంతట అవే ఆగాయి. గోడ కనపడకుండా, దగ్గరగా వెళ్ళి, పూలు మాత్రం పడేట్టు ఫొటో తీశాడు. 'పేషెంటు క్షేమం మేడమ్' అని రాసి పంపేశాడు. పంపాక, గుమ్మం ముందు చెప్పులు విడుస్తుంటే, అప్పుడు గుర్తొచ్చింది. మేడమ్ గారివి నారింజ పూలు. టైలరు గారివి ముదురు గులాబీ.

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. ఫొటో చెరిపేద్దామని ఫోను తీసేలోపే మేడమ్ చూసేశారు. ఫోను మోగింది.

"బ్రదర్! రంగు మారిందేంటి?"

"కొత్త పూలు మేడమ్."

"ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా మారలేదయ్యా! ఏం ఇచ్చావు?"

ఏమీ ఇవ్వలేదంటే ఫొటో ఎక్కడిదని అడుగుతారు. ఏదో ఒకటి ఇచ్చి తీరాలి. వార్డులో అందరికీ ఇచ్చేదే ఆయన నోట్లోంచి వచ్చింది.

"ఓఆర్ఎస్ మేడమ్."

"విరేచనాలకిచ్చే ఓఆర్ఎస్సా?"

"అదే మేడమ్. లీటరు నీళ్ళలో ఒక ప్యాకెట్టు."

"నువ్వు మామూలోడివి కాదయ్యా" అని ఆవిడ పెట్టేశారు. బ్రదర్ గండం గడిచిందనుకున్నాడు, పాపం. మేట్రన్ గారు 'మొక్కల నేస్తాలు' అనే ఫోను గ్రూపులో ఉన్నారని, అందులో రెండొందల పన్నెండు మంది ఉన్నారని, ఆ ఫొటో ఆ మందుచీటీతో, ఆయన ఫోను నంబరుతో సహా ఐదు నిమిషాల్లో వాళ్ళందరికీ చేరిందని ఆయనకి తెలియదు.

సోమవారం నుంచి ఫోన్లు. ఎవరో పెద్దాయన చామంతికి సగం ప్యాకెట్టు చాలా అని అడిగాడు. ఒకావిడ, "నారింజ రుచి ప్యాకెట్టు వేస్తే నారింజ పూలు వస్తాయా బ్రదర్?" అంది. ఇంకొకరు భోజనానికి ముందా తర్వాతా అని అడిగారు. బుధవారం చిట్టికి విరేచనాలు పట్టుకుంటే, వీధి చివర మందుల షాపతను తల అడ్డంగా ఊపాడు. "ఓఆర్ఎస్ స్టాకు లేదు బ్రదర్. అంతా మొక్కలకి పట్టుకుపోతున్నారు. ఎవడు చెప్పాడోగానీ వాడి నోట్లో..." ఇక్కడ ఆపి, "ఇంకేమైనా కావాలా?" అని అడిగాడు. బ్రదర్ ఏమీ వద్దని చెప్పి ఇంటికొచ్చి, ఉప్పు, పంచదార కలిపి కూతురికి తాగించాడు. అబద్ధం ఒక్కటే ఆడాడు. అది ఇంటింటికీ తిరిగి, చివరికి తన కూతురి మందు కూడా పట్టుకుపోయింది.

శుక్రవారం ఆయనకి సెలవు, సాయంత్రం తలుపు చప్పుడైంది. బయట గొడుగు, సంచీ, కోపం పట్టుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నారు. ఆ గ్రూపు పెద్ద, రిటైరైన బోటనీ మాస్టారు.

"ఓఆర్ఎస్ కనిపెట్టిన మహానుభావుడివి నువ్వేనా?"

"ఏదో... అనుకోకుండా మాస్టారూ..."

"నీ పుణ్యమా అని ఊళ్ళో జనమంతా కుండీల్లో ఉప్పు పోసుకుంటున్నారయ్యా! నా గులాబీకి కూడా పోసింది మా ఆవిడ. నలభై ఏళ్ళు బోటనీ చెప్పినవాడి మాట వినదు, నీ మాట విన్నది. ఏదీ ఆ రంగులు మార్చే మొక్క?"

బాల్కనీలో పసుపుపచ్చటి ఆకులు ఏడు, డ్రిప్పు సీసా ఒకటి, చార్టు ఒకటి ఉన్నాయి. మాస్టారు సీసాని చూశారు. చార్టుని చదివారు. వంగి, కుండీ కింద పళ్ళెంలో వేలు ముంచారు. పళ్ళెం నిండా నీళ్ళున్నాయి.

"రోజుకి ఎన్ని నీళ్ళు?"

"ఒక్క చెంబు మాస్టారూ. చార్టు చూడండి."

"చార్టు చూశాను. మొక్కని కూడా చూశాను. రెండింట్లో ఒకటి అబద్ధం చెప్తోంది."

అప్పుడు ఇంట్లో ఒక్కొక్కరే నోరు విప్పారు. "పొద్దున నేను పోస్తూనే ఉన్నానే" అంది భార్య. "కడిగిన నీళ్ళు నీళ్ళ కిందకొస్తాయా ఏంటి?" అన్నారు అత్తగారు. చిట్టి తన బాటిల్ వెనక్కి దాచుకుంది.

"నీరు తగ్గి కాదయ్యా, ఎక్కువై చస్తోంది ఇది" అన్నారు మాస్టారు, గొంతు కాస్త తగ్గించి. "నీడలో పెట్టి, నలుగురూ కలిసి ముంచేశారు. ఇది మొండి మొక్క. దీనికి ఎండ కావాలి. దాహం వేయాలి. ఆకు వాలేదాకా నీళ్ళు చూపించకూడదు. బాగా ఎండగడితేనే పూస్తుంది. నర్సువి కదా, నీకు ఇది కష్టమే. దీనికి నువ్వు చేయాల్సిన సేవ ఒక్కటే. దీని జోలికి పోకు."

బ్రదర్ బావురుమన్నాడు. టైలరు గోడ దగ్గర్నుంచి పగటి డ్యూటీ దాకా అంతా కక్కేశాడు. మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తర్వాత ఫోను తీసి గ్రూపులో ఇలా రాశారు: 'ఓఆర్ఎస్ ప్రయోగం రుజువు కాలేదు. ఎవరూ వాడవద్దు. ప్రయోగం ముగిసేదాకా ఈ మొక్క ఫొటోలు అడగవద్దు.'

"ఇంతకన్నా పెద్ద అబద్ధం నా చేత కాదు. మిగిలింది మీ మేడమ్‌తో నువ్వే తేల్చుకో" అని లేచారు.

కుళ్ళిన వేర్లు రెండు కత్తిరించి, మట్టి ఆరబెట్టి, మొక్కని మేడ మీద ఎండలో పెట్టారు. అక్కడి నుంచి బ్రదర్‌కి అసలు నరకం మొదలైంది. పేషెంటు కళ్ళ ముందు సొమ్మసిల్లి ఉంటే చేతులు కట్టుకుని నిలబడటం ఆయన చదువులో లేదు. చెంబు పట్టుకుని మేడ ఎక్కేవాడు. మాస్టారి మాట గుర్తొచ్చి ఆ నీళ్ళు తనే తాగి దిగేవాడు. భార్య చెంబులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. అప్పుడు గరిటెతో తీసుకెళ్ళబోయి అత్తగారికి దొరికిపోయాడు.

ఇంట్లో ఉండి నిద్రపోలేక, నాలుగింటికే లేచి, చిట్టిని తీసుకుని మేడ ఎక్కడం అలవాటు చేసుకున్నాడు. మొక్కకి రెండు గజాల దూరంలో చాప వేసుకుని ఇద్దరూ కూర్చునేవాళ్ళు.

"నాన్నా, మనం ఏం చేస్తున్నాం?"

"ఏమీ చేయట్లేదమ్మా. చూస్తున్నాం."

"సరే" అని ఆ పిల్ల స్కూల్లో ఎవరు ఎవరిని గిల్లారో మొదలుపెట్టి చెప్పుకుపోయేది. ఐదేళ్ళలో ఆ పిల్ల ఇంత మాట్లాడుతుందని ఆయనకి తెలియనే తెలియదు. గంటసేపు వింటే చాలు, ఆయన కడుపు నిండిపోయేది. రోజూ ఇలా ఉంటే ఎంత బాగుండు అనుకునేవాడు. అంతలోనే మొక్క వైపు తిరిగి మిగిలిన ఆకులు లెక్కపెట్టుకునేవాడు.

ఐదో వారంలో చిగురు వేసింది. ఏడో వారంలో కొమ్మల చివర ఏదో ఎర్రబడింది. మేట్రన్ గారు వస్తానన్న ఆదివారానికి మొక్క ఆకు కనపడకుండా పూసి కూర్చుంది, నిక్షేపంగా నారింజ రంగులో.

మేడ ఎక్కి చూసిన మేట్రన్ గారు మొక్క చుట్టూ తిరిగారు. పువ్వుని వేలితో తాకారు. కళ్ళు తుడుచుకున్నారు.

"నా దగ్గర కూడా ఇంత పూయలేదయ్యా ఇది! గులాబీ రంగుకి మార్చావు, మళ్ళీ దాని రంగుకి దాన్ని తెచ్చావు. ఎవరివల్ల అవుతుంది?"

"మేడమ్, మరి నా డ్యూటీ..." ఆయన గొంతులో మూడేళ్ళ నిద్ర ఉంది.

"అదే చెప్తున్నా. రాత్రి ఐసీయూకి ఇన్‌చార్జి కోసం ఏడాదిగా వెతుకుతున్నాను. పగలైతే డాక్టర్లుంటారు, నేనుంటాను. నీలాంటి మనిషిని తీసుకెళ్ళి పగలు పడేస్తానా? రాత్రి నీకే అప్పజెప్తున్నా. ఇక శాశ్వతంగా."

బ్రదర్ కాళ్ళ కింద మేడ కదిలింది. ఇంక దాచి లాభం లేదు. తను చేతకానివాడని నిరూపించుకోవడమే మిగిలిన దారి. "మేడమ్, అంతా అబద్ధం! ఆ గులాబీ ఫొటో టైలరు గారి చెట్టుది. ఓఆర్ఎస్ నోటికొచ్చి అన్నాను. నేను దీన్ని చంపేశాను మేడమ్, దాదాపుగా చంపేశాను!"

ఇంటిల్లిపాదీ అండగా వచ్చారు. "నేనూ నీళ్ళు పోశానమ్మా, రోజూ పోశాను" అన్నారు అత్తగారు. "నా బాటిల్ నీళ్ళు కూడా" అంది చిట్టి. భార్య చేతులు జోడించినంత పని చేసింది. "ఈయనకి ఏమీ చేతకాదు మేడమ్. నిజం చెప్తున్నా, పదేళ్ళుగా చూస్తున్నాను. ఈయన్ని నమ్మి రాత్రిపూట ఎవర్నీ అప్పజెప్పకండి!"

మేట్రన్ గారి మొహం గట్టిపడింది. బ్రదర్‌కి ఆశ పుట్టింది. కోప్పడతారు, తిడతారు, నమ్మకం పోయిందంటారు, కళ్ళ ముందే ఉండమని పగలుకి మారుస్తారు.

"మరి ఇది ఎలా బతికింది?" అన్నారు ఆవిడ.

"నేనేమీ చేయలేదు మేడమ్. దాని జోలికే పోలేదు. రోజూ దూరంగా కూర్చుని చూశాను, అంతే."

"చేయి పెట్టబుద్ధి కాలేదా?"

"ప్రాణం పోయినంత పనైంది మేడమ్. అయినా పెట్టలేదు."

ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "ఇరవై ఏళ్ళుగా నా నర్సు పిల్లలందరికీ మొత్తుకుంటున్నది ఇదే బ్రదర్. రాత్రిపూట పేషెంటుని ఊరికే లేపకండి, గుచ్చకండి, దూరం నుంచి కళ్ళు పెట్టి చూడండి అని. ఒక్కడికీ ఎక్కలేదు. నీకు ఒక మొక్క నేర్పింది. పైగా తప్పు చేస్తే దాచుకోలేవు. రాత్రి డ్యూటీకి ఇంతకన్నా ఏం కావాలి?"

భార్య చిట్టిని దగ్గరికి లాక్కుని తల అటు తిప్పుకుంది. బ్రదర్ మొక్కని ఆటో ఎక్కించి, ముళ్ళు గుచ్చుకున్న చేత్తోనే మేడమ్‌కి నమస్కారం పెట్టాడు.

సోమవారం నోటీసు బోర్డు మీద కొత్త చార్టు అంటించారు. పగటి డ్యూటీ, రాత్రిపూట పేషెంట్లకన్నా ముందే గుర్రుపెడుతున్నాడని మూడు ఫిర్యాదులు వచ్చిన ఇంకో బ్రదర్‌కి ఇచ్చారు.